మొదటి లైను

ఫిబ్రవరి 3, 2025. సోమవారం

ప్రిన్సిపాల్ హరికృష్ణ సార్ పిలిచారు. కాలేజీ మూసేస్తున్న సంగతి ఇక దాచేది కాదు. మే నెలాఖరుకు గేటుకు తాళం. ఆ లోపు, రెండు వేల ఆరు నుంచి పదహారు దాకా చదివిన పిల్లల మార్కులన్నీ యూనివర్సిటీ దగ్గరున్న మార్కులతో సరిచూసి, తేడాలుంటే రాసి, సంతకం పెట్టి పంపాలట. పదేళ్ల మార్కులు. ల్యాబులో మిగిలింది నేనొక్కణ్నే.

"నీ పాత ప్రోగ్రాములు ఉన్నయి గద రమాకాంత్. గవే తిప్పు. రెండు దినాల పని," అన్నారు.

ప్రోగ్రాములు ఉన్నాయి. పాత సర్వరు కూడా ఉంది, ల్యాబు మూలన, ఫ్యాను గరగరలాడుతూ. ఇరవై నాలుగేళ్లుగా దాని పక్కనే నా కుర్చీ. ఈ మధ్య మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చప్పుడు చేస్తున్నారో చెప్పడం కష్టం. లేచినప్పుడల్లా మోకాళ్లు కటుక్కుమంటున్నాయి.

ఫిబ్రవరి 4

నా ప్రోగ్రాములన్నీ పాత పైథాన్‌లో రాసినవి. కొత్తది ప్రింట్ అన్న ప్రతిచోటా బ్రాకెట్లు అడుగుతోంది. రోజంతా బ్రాకెట్లు పెట్టాను.

ఫిబ్రవరి 6

మార్కుల ఫైళ్లన్నీ కుదించి దాచినవి. ఒక్కొక్కటీ విప్పి పెట్టుకుందామంటే సర్వరులో చోటు లేదు. విప్పుతూనే నేరుగా ప్రోగ్రాములోకి పంపాలి. అంటే నా ప్రోగ్రాము ఫైలు పేరు అడగకుండా, స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే పైపులోంచి వచ్చే లైన్లను వచ్చినవి వచ్చినట్టు, చదవడం నేర్చుకోవాలి. మార్చి, నడిపి చూశాను. తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది. ఐదు నిమిషాలైనా అంతే.

ఎగ్జామ్ బ్రాంచి షహనాజ్ ఆపా అటెండెన్సు రిజిస్టర్లు మోసుకొచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఏంది సార్, గట్లనే చూస్తాన్రు? చెడిపోయిందా?"

"చెడిపోలే ఆపా. ఎదురుచూస్తాంది."

"ఎవరి కోసం?"

"నేను దానికేమీ ఇయ్యలే. ఖాళీగ నడిపిన. పైపు పెట్టిన గని, అవతల బోరు ఏసుడు మర్చిపోయిన. నీళ్లు ఎప్పుడొస్తయా అని నోరు తెరుచుకొని కూసున్నది."

"రావని చెప్పొద్దా మరి దానికి?"

"చెప్పాలె. కంట్రోల్ డీ నొక్కితే ఇగ రావని తెలుస్తది. నొక్కకపోతే దినమంతా గిట్లనే ఉంటది."

"మంచిదే ఉన్నది. ఫికర్ లేదు దానికి," అని రిజిస్టర్లు బల్ల మీద పడేసి వెళ్లిపోయారు.

సాయంత్రం పాత ఫోల్డర్లు తిరగేస్తుంటే ఇదే ప్రోగ్రాము, స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివేది, ముందే ఒకటి రాసి ఉంది. 2013 మే నెల తేదీ. పైన నా పేరు. రాసినట్టే గుర్తు లేదు. పని తప్పింది. రేపటి నుంచి దాన్నే వాడతాను.

ఫిబ్రవరి 7

అరవై మంది ఉన్న లిస్టు పంపితే యాభై తొమ్మిది మంది బయటికొస్తున్నారు. నలభై పంపితే ముప్పై తొమ్మిది. చివర ఖాళీ లైను ఏదో ఉండి ఉంటుంది. సోమవారం చూడాలి.

ఫిబ్రవరి 10

చివర కాదు. మొదట.

మా ఫైళ్లలో కొన్నింటికి పైన హెడ్డింగు లైను ఉంటుంది: హాల్ టికెట్, పేరు, మార్కులు అని. అది మార్కుల్లో కలవకూడదని ప్రోగ్రాము మొదట్లోనే ఒక లైను చదివి పారేస్తున్నాను.

sys.stdin.readline()

ఇంతే. ఫైలు మొత్తం పంపినప్పుడు ఇది సరైనదే. కానీ ఆ ఫైలు లోంచి కొందరినే ఏరి పైపులోకి పంపితే, హెడ్డింగు వెనకే ఉండిపోతుంది. అప్పుడు మొదటి లైనులో వచ్చేది మనిషి. ప్రోగ్రాముకు ఆ తేడా తెలియదు. చదువుతుంది, పారేస్తుంది, రెండో లైను నుంచి మొదలుపెడుతుంది. తప్పు జరిగిందని ఎక్కడా చెప్పదు కూడా.

మొదటి లైను అంకెతో మొదలైతే ఉంచు, అక్షరంతో మొదలైతే వదులు అని మార్చాను. పది నిమిషాలు పట్టింది. అరవైకి అరవై వచ్చారు.

2013లో దీన్ని వాడింది ఒక్కసారే అయి ఉంటుంది. ఆ తర్వాతి సెమిస్టరు నుంచి మార్కులు వెబ్‌సైటులో నేరుగా టైపు చేయడం వచ్చింది. ఆ ఒక్కసారి కూడా ఏదో చిన్న పనికే. ఏ పనికో గుర్తు లేదు.

ఫిబ్రవరి 11

ఒంట్లో బాగా లేదని సెలవు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది.

ఫిబ్రవరి 12

పదేళ్లవీ సరిచూడటం అయింది. నలభై ఒక్క తేడాలు. నలభై పేర్ల స్పెల్లింగులు.

ఒకటి వేరు. 2013 మే, కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం, రెండో సెమిస్టరు. నాలుగు ల్యాబుల ఇంటర్నల్ మార్కులు. మన దగ్గర ఇరవై ఐదుకు ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. యూనివర్సిటీ దగ్గర నాలుగింటికీ ఆబ్సెంట్.

కె. సుకన్య. డిప్లొమా చేసి రెండో సంవత్సరంలో చేరిన అమ్మాయి. అలా చేరినవాళ్ల లిస్టు యూనివర్సిటీ విడిగా అడిగింది ఆ ఏడు. పెద్ద ఫైలు లోంచి వాళ్లను ఏరి, పైపులోంచి పంపాను. పన్నెండు మందిలో ఈమె మొదటి నంబరు. మార్కులు అందని పేరుకు యూనివర్సిటీ ఆబ్సెంట్ వేస్తుంది.

ఎవరో గుర్తు లేదు.

ఫిబ్రవరి 13

షహనాజ్ ఆపాను ఊరికే అడిగినట్టు అడిగాను, సుకన్య అని ఎవరైనా ఉండేదా అని.

"నెక్కొండ పిల్లనా? రైలులొచ్చేది. మంచిగ సదివేది సార్. ల్యాబుల గైర్హాజరు పడ్డదని ఏడ్సుకుంట మీ ల్యాబు ముంగట రెండు దినాలు కూసున్నది గద. మీకు యాదికి లేదా?"

"లేదు ఆపా. చానా మంది వస్తుంటరు."

"డిటైన్ చేసిన్రు ఆ పిల్లను. నాలుగో సంవత్సరానికి పోలే. ఫీజు రీయింబర్సుమెంటు ఆగిపోయింది. టీసీ తీస్కపోయింది. నేనే రాసిచ్చిన."

ఆపా చెప్పినంత ఏమీ ఉండకపోవచ్చు. ఆమెకు అన్నీ కొంచెం పెద్దవి చేసి చెప్పడం అలవాటు.

ఫిబ్రవరి 14

ఒకసారి వచ్చినట్టుంది. నీలం రంగు ఫైలు పట్టుకొని. నేను స్క్రీను చూపించి, యూనివర్సిటీలో ఇట్లా ఉందమ్మా, నా చేతిలో ఏమీ లేదు అన్నాను. ఆ మాట నిజమే కదా. యూనివర్సిటీలో అలాగే ఉంది.

ఫిబ్రవరి 17

రికార్డు రూముకు వెళ్లాను. 2013 కట్టలు పై అరలో ఉన్నాయి. నిచ్చెన వేసుకొని దించాను. ల్యాబు మేడం చేత్తో వేసిన మార్కుల కాగితం ఉంది. ఆ మేడం అదే ఏడు వేసవిలో ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. మొదటి పేరు సుకన్య. నాలుగు ల్యాబులకూ మార్కులు. పక్కనే రికార్డు ఇచ్చినట్టు ఆ అమ్మాయి సంతకాలు, నాలుగు.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంకా రాయకుండా ఉండటంలో అర్థం లేదు. ఆ అమ్మాయి ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. "సార్, మేడం ఏసిన కాగితం ఉంటది సార్, జర ఒక్కసారి తీసి చూడుండ్రి" అంది. నేను, "కట్టలన్నీ విప్పి చూడటానికి నాకు టైము లేదమ్మా. కంప్యూటర్ ఊరికే ఆబ్సెంట్ చూపించదు. నువ్వు రికార్డు ఇచ్చి ఉండవు" అన్నాను.

నిచ్చెన వేసి, కట్ట దించి, విప్పి, కాగితం చూసేసరికి ఈ రోజు పదకొండు నిమిషాలైంది. గడియారం చూసుకున్నాను.

ఫిబ్రవరి 18

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. కాగితం చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"స్పెల్లింగ్ తేడాలు నలభై ఒకటని రాయి. సంతకం పెట్టు. పంపు."

"స్పెల్లింగ్ నలభయే సార్."

"రమాకాంత్, జర ఇను. పన్నెండేండ్లు కావస్తాంది. ఆ పిల్ల ఎక్కడుందో, పిల్లలెంత మందో. ఇప్పుడు ఇది బయటపెడితే యూనివర్సిటోళ్లు అన్ని సంవత్సరాలు మళ్ల తవ్వుతరు. మేనేజ్‌మెంటోళ్ల ఇంకో కాలేజీకి మన దాంట్లకెల్లి నలుగురినే తీసుకుంటాన్రు. నీ పేరు నేనే రాసిన. నీకు యాభై ఒకటి. ఎక్కడికి పోతవు?"

ఆలోచిస్తానన్నాను.

ఫిబ్రవరి 19

ఆలోచించాను. ఏమీ తేలలేదు.

ఫిబ్రవరి 20

అలసటగా ఉంది. పని ఏమీ చేయలేదు, అయినా అలసటగా ఉంది.

ఫిబ్రవరి 22. శనివారం

పొద్దున మా ఆవిడ తిరుమల, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "పది దినాలాయె, మీరు ఇంట్ల ఉన్నరా బయట ఉన్నరా తెలుస్తలేదు" అంది. పక్కన కూర్చుని నేనూ కొన్ని తీస్తూ మొత్తం చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ప్రోగ్రాముల గురించి ఆమెకు చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటా. పైపు, హెడ్డింగు, మొదటి లైను అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"తెలువక చేసిన తప్పు గద," అంది.

"ప్రోగ్రాము రాసింది తెలియకే."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు చెప్పేసరికి చిక్కుడుకాయలు అయిపోయాయి. ఆ అమ్మాయి నాలుగోసారి తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ధోవతి, తెల్ల చొక్కా, మెడకు తువ్వాలు. అది నేనెప్పుడూ మరిచిపోలేదు. ఈ పది రోజులూ రాయలేదంతే. ఆయనకు కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను. మర్యాదగానే మాట్లాడాను. స్క్రీను ఆయన వైపు తిప్పి, ఆబ్సెంట్ అన్న చోట వేలు పెట్టి, "ఇక్కడ చూడండి పెద్దమనిషీ. నాలుగింటికి నాలుగూ రాలేదు. రోజూ కాలేజీకని బయలుదేరిన పిల్ల ఎక్కడికి పోయిందో నన్ను కాదు, ఆమెనే అడగండి" అన్నాను.

ఆ చివరి మాట అనాల్సిన అవసరం ఏముంది? ఎవరూ నన్ను అడగలేదు.

తిరుమల ఈనెలు ఒకచోటికి ఎత్తుతూ, "ఆ పిల్లకు ఇప్పుడు ఎంత వయసుంటది?" అంది.

"ముప్పై రెండో మూడో."

లేచింది. కూర పొయ్యి మీద వేసింది.

ఫిబ్రవరి 26

ఆపాకు చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నెక్కొండలో తనకు తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి సాయంత్రానికల్లా ఆచూకీ పట్టారు. సుకన్య మరిపెడలో ఉంది. ఖమ్మం రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు. పెళ్లయింది, భర్త పేరు శేఖర్.

"ఫోన్ నంబర్ కూడ దొరికింది. చేస్తరా?"

"పోయి చెప్తా ఆపా."

"పోతరా, లేకుంటే పోతా పోతా అనుకుంటనే ఉంటరా?"

మార్చి 2. ఆదివారం

మరిపెడ వెళ్లొచ్చాను. తొర్రూరు మీదుగా బస్సు. దారంతా ఏం చెప్పాలో వరుసగా అనుకుంటూ వెళ్లాను.

షాపు ముందు నాలుగు బోరు మోటార్లు విప్పి ఉన్నాయి. నేల మీద గోనెసంచి పరుచుకొని ఒకామె మోటారు లోపల రాగి తీగ చుడుతోంది. తల ఎత్తకుండానే, "సబ్‌మర్సిబులా సార్? బుధవారం దాక కాదు," అంది.

"మోటరు కాదమ్మా. నేను వరంగల్ నుంచి... కాలేజీ నుంచి. రమాకాంత్‌ను."

చేయి ఆగింది. తలెత్తి చూసింది. "ల్యాబు సార్," అంది. అంతే. తీగ కొస వదలకుండా పట్టుకునే ఉంది.

వరుసగా అనుకున్నవన్నీ కలగాపులగంగా చెప్పాను. నీ తప్పు లేదమ్మా, నువ్వు రికార్డు ఇచ్చావు, మేడం మార్కులు వేశారు, నేను రాసిన ప్రోగ్రాము మొదటి లైనును హెడ్డింగు అనుకొని పారేసింది, ఆ లైనులో నువ్వున్నావు. మార్కుల కాగితం జిరాక్సు తెచ్చాను, ఇచ్చాను. చేతులకు గ్రీసు ఉందని ఆమె తీసుకోలేదు. పక్కనున్న స్టూలు మీద పెట్టమంది. వంగి చదువుకుంది.

"నా పేరే మొదలెందుకున్నది సార్?"

"నంబర్లు ర్యాంకు ప్రకారం ఇస్తరు. నీది మొదటి ర్యాంకు."

"రెండో ర్యాంకు వస్తే పాసైతుంటి, అంతేనా?"

తలూపాను.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్ ఇది?"

"ఫిబ్రవరి... పన్నెండున."

"ఇయ్యాల మార్చి రెండు," అంది.

లోపలి నుంచి శేఖర్ చాయ్ తెచ్చాడు. మొదట్నుంచీ విన్నట్టున్నాడు. "తాగుండ్రి సార్," అన్నాడు కానీ నా మొఖం వైపు చూడలేదు. గ్లాసు పట్టుకొని కూర్చున్నాను. చాయ్ తాగొచ్చో కూడదో అర్థం కాలేదు.

ఆమే అంది. "నాకు చెప్పుడెందుకు సార్? నేను రికార్డు ఇచ్చినని నాకు ఎర్కనే గద. పన్నెండేండ్లసంది ఎర్కనే. ఎర్కలేనిది మా నాయినకు."

తండ్రి పేరు రాజమౌళి. ఆ రోజు ల్యాబులోంచి బయటికొచ్చాక రైలులో నెక్కొండ దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదట. ఇంటికెళ్లి, రేపటి నుంచి కాలేజీ లేదు అన్నాడట. ఎవడితో తిరిగినవో చెప్పమని ఏడాదంతా అడిగాడట.

"గప్పటికి శేఖర్ ఎవరో నాకు తెల్వనే తెల్వదు సార్. తర్వాత రెండేండ్లకు, మా ఊర్ల మోటర్ బాగు చేసేటందుకు వచ్చిండు. నేనే ఇష్టపడి చేసుకున్న. మా నాయిన ఏమన్నడో తెలుసా? 'ల్యాబులకు పోకుంట తిరిగింది వీనితోనేనా' అన్నడు. గదే ఆఖరి మాట. అమ్మ ఉన్నప్పుడు చాటుకు ఫోన్ చేసేది. అమ్మ పోయింది. ఇప్పుడు గది కూడ లేదు."

"నేను వెళ్లి చెప్తానమ్మా."

"మీరే చెప్పాలె. నేను చెప్తె నమ్మలే. మీరు చెప్తె నమ్మిండు." తీగ మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. "మిల్లుల ఉంటడు. జిన్నింగ్ మిల్లుల హమాలీల మేస్త్రి. ఆదివారం కూడ ఉంటడు."

వచ్చేటప్పుడు క్షమించమని అడుగుదామనుకున్నాను. తీగ లెక్క పెట్టుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. అడ్డుపడితే లెక్క తప్పుతుందని ఊరుకున్నాను. కాదు. అడగడానికి నోరు రాలేదు.

మార్చి 5

ఆపా రంజాన్ రోజాలు మొదలయ్యాయి. నీరసంగా ఉన్నా మధ్యాహ్నం వచ్చి, "నెక్కొండ ఎప్పుడు?" అన్నారు. ఆదివారం అన్నాను.

మార్చి 9. ఆదివారం

ప్యాసింజరులో నెక్కొండ దిగేసరికి పది దాటింది. మిల్లు దగ్గర పత్తి ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎవర్ని అడిగినా చూపించేలా ఉన్నాడు రాజమౌళి, గట్టిగా అరుస్తూ పత్తి బస్తాలు దింపిస్తున్నాడు. ధోవతి లేదు, లుంగీ. జుట్టూ కనుబొమలూ పత్తి నూగుతో తెల్లగా ఉన్నాయి. కొంత నూగు కాదేమో, నెరిసిందే.

నన్ను గుర్తుపట్టలేదు. కాలేజీ పేరు చెప్పగానే పట్టాడు. మిల్లు గోడ నీడలోకి నడిచాం. ఈసారి వరుసగానే చెప్పాను. ప్రోగ్రాము అనలేదు, పైపు అనలేదు. "లిస్టు పంపేటప్పుడు నేను మీ బిడ్డ పేరు వదిలేసిన. ఆ పిల్ల అన్నీ ఇచ్చింది, అన్ని దినాలు వచ్చింది. కాగితం ఉండె. ఆమె తీసి చూడుమన్నది. నేను చూడలే. చూడకుంటనే మీకు ఆ మాట చెప్పిన. ఎక్కడ తిరిగిందో అడుగుండ్రి అన్న మాట కూడ నాదే," అన్నాను.

ఆయన కోపం చేస్తాడనీ, కొట్టినా కొట్టవచ్చనీ అనుకుంటూ వచ్చాను. కొట్టలేదు. చొక్కా చేతికి అంటుకున్న పత్తి ఏరుతూ నిలబడ్డాడు. చాలాసేపు ఏరాడు.

"గా దినం నేను పొద్దుగాల బండికి వచ్చిన. మీరు కుర్సి ఏసిన్రు. నీళ్లిచ్చిన్రు. మంచిగనే మాట్లాడిన్రు," అన్నాడు.

"అవును."

"పిల్ల నా పక్కకే నిలబడ్డది. నాయినా, నేను ఇచ్చిన నాయినా అని ఏడుస్తాంది. నేను ఆమె మొఖం దిక్కు సూడలే. కంప్యూటర్ దిక్కు సూసిన. నాకు సదువు రాదు సార్. దాంట్ల ఏం రాసున్నదో కూడ తెల్వదు. మీరు ఏలు పెట్టిన కాడ సూసిన."

మిల్లులోంచి ఎవరో మేస్త్రీ అని పిలిచారు. ఆయన పలకలేదు.

"మీరు వచ్చి చెప్పిన్రు. మంచిదే. మీ బరువు మీరు దింపుకున్నరు. ఇగ నాది నేనెక్కడ దింపాలె?"

సుకన్య మరిపెడలో షాపులోనే ఉంటుందని చెప్పాను. తెలుసు అన్నాడు. ఒకసారి బస్సులో పోతూ చూశాడట. దిగలేదట.

"ఏం మొఖం పెట్టుకొని పోవాలె," అన్నాడు. మళ్లీ పిలిచారు. ఈసారి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన అరుపులు వినిపించాయి, ఇందాకటంత గట్టిగానే.

తిరుగు బండి రెండు గంటలు లేటు. స్టేషనులో కూర్చున్నాను. ఆకలి వేసింది. ఇవాళ కూడా ఆకలి వేసినందుకు సిగ్గనిపించింది, కానీ రెండు సమోసాలు తిన్నాను.

మార్చి 10

రిపోర్టు రాశాను. నలభై స్పెల్లింగులు, ఒక తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎవరు చేశారో, కాగితం చూడమని విద్యార్థిని అడిగినా చూడలేదన్న సంగతి కూడా, ఒక పేజీ. జిరాక్సులు జతచేశాను. కింద సంతకం.

హరికృష్ణ సార్ నిలబడే చదివారు. "మంచోడు అనిపించుకోవాల్నని ఉన్నదా నీకు?" అన్నారు.

"కాదు సార్. ఆ టైము దాటిపోయింది."

"మీ ఆవిడకు చెప్పినవా, ఆ లిస్టుల నీ పేరు ఉండకపోవచ్చని?"

"చెప్పిన."

చెప్పలేదు. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పాను. తిరుమల, "పొద్దున్నే చెప్పినట్టయితే పప్పు కాకుండ మంచిగ ఏదన్న వండేదాన్ని," అంది. ఇద్దరం పప్పు తిన్నాం.

మార్చి 13

ఏమీ లేదు.

మార్చి 18

ఇంకో కాలేజీకి వెళ్లేవాళ్ల లిస్టు నోటీసు బోర్డులో పెట్టారు. నాలుగు పేర్లు. నాది లేదు. ఆపా పేరూ లేదు, ఆమెకు ముందే తెలుసట. "మనం ఇద్దరం తాళం ఏసినంక గేటు బయట చాయ్ డబ్బా పెట్టుకుందాం సార్. నేను చాయ్ పెడత, మీరు కప్పులు లెక్క పెట్టుండ్రి. మొదటి కప్పు మాత్రం మర్చిపోకుండ్రి," అన్నారు. అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు నా వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. ఫిబ్రవరి నుంచి ఇదే మొదటిసారి.

మార్చి 26

యూనివర్సిటీ నుంచి జవాబు. సదరు విద్యార్థిని ఇంటర్నల్ మార్కులు రికార్డులో సరిచేయబడినవి. కోర్సు పూర్తి చేయవలసిన గరిష్ఠ కాలపరిమితి ముగిసినందున తిరిగి ప్రవేశమునకు అవకాశము లేదు.

రెండు వాక్యాలు. నాలుగుసార్లు చదివాను. ఆబ్సెంట్ పోయింది, ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై నాలుగు వచ్చాయి. సుకన్య మూడో సంవత్సరం పాసైంది. ఇప్పుడు.

నకలు రెండు తీసి రిజిస్టర్డు పోస్టులో పంపాను. ఒకటి మరిపెడ, ఒకటి నెక్కొండ. రాజమౌళికి పంపిన దాంతోపాటు, చదివి వినిపించేవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో నాలుగు మాటలు రాశాను. మీ బిడ్డ ఏ రోజూ తప్పలేదు అని రాశాను.

ఏప్రిల్ 1

సర్వరు ఆపేయమన్నారు. ఆపేశాను. ల్యాబు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు.

ఏప్రిల్ 6. ఆదివారం

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్. సుకన్య.

"సార్, మా నాయిన వచ్చిండు నిన్న."

ఎడం చేత్తో ఫోను పట్టుకొని కుడి చెయ్యి పళ్లెంలోనే ఉంచి విన్నాను.

"ఆ పోస్టు కాగితం పట్టుకొనే వచ్చిండు. షాపు ముంగట నిలబడ్డడు. లోపలికి రమ్మన్న. రాలే. నేను పని ఆపలే సార్, ఏం చెయ్యాల్నో తెల్వక. శేఖర్ కుర్సి ఏసిండు, కూసోలే. నేను చేసేది చూసుకుంట నా ముంగట కింద కూసున్నడు. రెండు గంటలు. ఏం మాట్లాడలే. చాయ్ ఇస్తె తాగిండు."

"తర్వాత?"

"పోతా పోతా, 'ఇదంతా నువ్వే చుడ్తవా బిడ్డా' అన్నడు. 'నేనే' అన్న. 'లెక్క తప్పదా' అన్నడు. 'తప్పది' అన్న. అంతే. బస్సెక్కిండు. వచ్చే వారం వస్తడో రాడో తెల్వది."

అవతల మోటారు ఏదో టెస్టు చేస్తున్నట్టు చప్పుడు. అది ఆగేదాకా ఆమె మాట్లాడలేదు. ఆగాక గొంతు మారింది.

"చెప్పాలె అనిపించి చేసిన సార్. మీరు వచ్చిన్రు, నెక్కొండ పోయిన్రు, కాగితం పంపిన్రు. కాదంటలేను. కని మీరు మళ్ల ఫోన్ చేయకుండ్రి. రాకుండ్రి. మిమ్మల్ని చూసినంక రెండు రాత్రులు నిద్ర పట్టలే నాకు. మీరు మంచిగ మాట్లాడ్తరు సార్. గా దినం కూడ మంచిగనే మాట్లాడిన్రు."

"సరేనమ్మా," అన్నాను.

"ఉంట మరి," అని పెట్టేసింది.

తిరుమల ఎవరని అడగలేదు. అన్నం మీద ఇంకాస్త పులుసు పోసింది. తిన్నాను. చేయి కడుక్కొని వచ్చి, ఫోనులో ఆ నంబరు తీసి కాసేపు చూశాను. ఎప్పుడైనా ఆమెకు అవసరం పడితే అని ఒక ఆలోచన వచ్చింది. అవసరం నాకే అని తెలుస్తూనే ఉంది.

నంబరు తీసేశాను.